పాల వరస వెతుక్కుంటూ గద్వాల దారిలో

మద్రాసులో ఎవరికైనా నేను గద్వాలలో పుట్టానని చెబితే ముందు నా చీర వైపు చూస్తారు. ఆ ఊరు ఉన్నదే చీరల కోసమని వాళ్ళ నమ్మకం. ఆ ఊరు ఏ నదుల మధ్య ఉందో, అక్కడి మనుషులు ఏం తింటారో, ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో అడిగినవాళ్ళు లేరు. రెండో ప్రపంచ యుద్ధం ఆగిన తరువాత వచ్చిన ఫాల్గుణంలో నేను వెళ్ళి వచ్చాను. అడగకపోయినా చెబుతాను.

వెళ్ళడానికి పైకి చెప్పుకున్న కారణం ఒకటి, లోపల ఉన్నది ఒకటి. పైకి చెప్పింది పుస్తకం. నేను ఆడపిల్లల కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాను. మనుషుల్లో ఎక్కువతక్కువలు ఎందుకున్నాయో తెలుగులో చిన్న పుస్తకం రాసిపెట్టమని ఒక ప్రచురణకర్త అడిగారు. ఒప్పుకున్నాక కష్టం తెలిసింది. ఆస్తిని బట్టి వచ్చే తేడాకు ‘వర్గం’ అని రాశాను. నలుగురిలో దక్కే గౌరవాన్ని బట్టి వచ్చే తేడాకు ‘హోదా’ అనాలా, ‘అంతస్తు’ అనాలా, ‘పరువు’ అనాలా? మనుషులు పొరలు పొరలుగా ఒకరి మీద ఒకరు ఉండడాన్ని ‘స్తరీకరణ’ అని రాసుకుని మా వంటామెకు చదివి వినిపిస్తే, “అదేం జబ్బమ్మా, పిల్లలకు వస్తుందా?” అంది. మాటలు మనుషుల దగ్గర వెతకాలనుకున్నాను.

లోపలి కారణం లచ్చమ్మ. నన్ను కన్న రోజే మా అమ్మ పోయింది. నాకు పాలిచ్చింది లచ్చమ్మ. నైజాము దొరల ఇళ్ళలో పెళ్ళికూతురి వెంట అత్తింటికి ఒక పనిపిల్లను కూడా పంపేవాళ్ళు. ఆడబాప అంటారు. ఆమెకు జీతం ఉండదు, వదిలిపోయే దారీ ఉండదు. లచ్చమ్మ అలా మా అమ్మ వెంట వచ్చింది. ఆమె భర్త మా నాన్న దగ్గర బండి తోలేవాడు, కలరాలో పోయాడు. ఆమెకో కూతురు, బాలమ్మ. నాకంటే కొద్ది నెలలు పెద్దది. మేమిద్దరం ఒకే చాప మీద పెరిగాం.

నా తొమ్మిదో ఏట మా నాన్న గద్వాల సంస్థానం కొలువు మాని, మళ్ళీ పెళ్ళి చేసుకుని నెల్లూరు చేరాడు. బయలుదేరే ముందు అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన ఇత్తడి గంగాళాలు, పందిరిమంచం బండికెత్తించి వెనక్కి పంపించేశాడు. లచ్చమ్మనూ బాలమ్మనూ కూడా అదే బండిలో పంపాడు. మా నాన్నకూ మేనమామకూ పడదు. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తగూడదు. నాన్న పోయాక అడగడానికీ మనిషి లేకపోయాడు. నాగర్‌కర్నూలు దిక్కు అని మాత్రం గుర్తుంది. ఆ దిక్కుకే బయలుదేరాను.

తుంగభద్ర దాటితే

కర్నూలు దాటగానే రైలు వంతెన ఎక్కింది. నది ఎండి, ఇసుకలో సన్నటి పాయలుగా పారుతోంది. అవతలి ఒడ్డు నైజాము ఇలాకా. అక్కడ డబ్బు పేరు కూడా వేరు. మన రూపాయిని కల్దారు అంటారు, వాళ్ళది హాలీ. టీ తాగి మన అణా ఇస్తే టీ కొట్టు మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, దూరపు చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

సుంకం జవాను నా పెట్టె తెరిపించి పుస్తకాలన్నీ బెంచీ మీద పరిచాడు.

“గీ కితాబులల్ల ఏముంది? సంగపోళ్ళ మాటలున్నయా?”

నల్లగొండ దిక్కున సంగం పేరుతో దొరల మీద జనం లేస్తున్నారని మద్రాసు పత్రికల్లో చదివాను. అతని భయం అదే. అవి సముద్రాల అవతలి పండితులు రాసినవని చెప్పాను. అన్నిటికంటే లావుపాటి పుస్తకాన్ని లోపలికి తీసుకుపోయి, బండి కూత వేశాక పరుగున తెచ్చి కిటికీలోంచి ఒళ్ళో వేశాడు. “బొమ్మల్లేవు” అన్నాడు నిష్ఠూరంగా.

గద్వాల

కోట గోడ చూడగానే నా గుండె కొట్టుకుంటుందనుకున్నాను. కొట్టుకోలేదు. గోడ నేననుకున్నంత ఎత్తు లేదు. కానీ మగ్గాల వీధిలో అడుగుపెట్టగానే, నూలుకు పెట్టే గంజి వాసన ముక్కుకు తగిలి కాళ్ళు ఆగిపోయాయి. ఆ వాసన నాకు ఇరవై అయిదేళ్ళుగా గుర్తులేదు. అయినా దాన్ని విడిచి ఒక్క రోజు కూడా కాలేదనిపించింది.

మేమున్న ఇంట్లో ఇప్పుడు సంస్థానం వారి ధాన్యం పోసి ఉంది. ఎదురింట్లో వెంకటప్ప అనే ముసలి నేతగాడు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. నేను నాన్న పేరు చెప్పి పలకరించాను.

“నీ మాట అటు దిక్కు మాట లెక్కుంది గదమ్మా,” అన్నాడు. “మా గుమాస్తా దొర బిడ్డవైతె గిట్ల మాట్లాడకపోదువు.”

సిగ్గేసింది. నెల్లూరు మాట నా నాలుక మీద అంతగా కూర్చుంది. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మనం గోంగూర అనేదే అక్కడ పుంటికూర. కారం ఎంతంటే, కళ్ళు తుడుచుకుంటూ నేను “జర నీళ్ళియ్యవ్వా” అన్నాను. నోట్లోంచి దానంతటది వచ్చింది. ముసలాయన మగ్గం ఆపేసి నవ్వాడు. “గదీ! ఇప్పుడు నమ్మిన.”

గద్వాల చీరలో ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. రెంటినీ పోగు పోగుకూ ముడివేసి కలుపుతారు. ఆ పని గంటసేపు చూస్తూ కూర్చున్నాను. మగ్గం వెంకటప్పది, నూలూ పట్టూ షావుకారువి. నా పుస్తకాల్లో ఒక సిద్ధాంతం ఉంది: లోకంలో ఉన్నవి రెండే వర్గాలు, పనిముట్లూ భూమీ ఉన్నవాళ్ళు ఒకటి, రెక్కలు తప్ప ఏమీ లేనివాళ్ళు ఒకటి, మిగతా తేడాలన్నీ దీనిలోంచి పుట్టినవే అని. మరి పనిముట్టు ఉండి కూడా రెక్కలమ్ముకునే వెంకటప్పను ఎటు వెయ్యాలి? ఆయననే అడిగాను, నువ్వు ఉన్నవాడివా, లేనివాడివా అని.

“షావుకారు ముంగట లేనోన్ని. మాలోల్ల నర్సిగాని ముంగట ఉన్నోన్ని,” అన్నాడు. మళ్ళీ మగ్గం ఆడించాడు. “గీ ముచ్చట్లు నాకు మంచిగనిపిస్తలేవమ్మా. వేరేటివి అడుగు.”

వేరేది అడిగాను. లచ్చమ్మ సంగతి. ఆమె ఎటు పోయిందో ఆయనకు తెలియదు. “గాజుల ఖాదర్‌బీని అడుగు,” అంది భార్య. “లచ్చమ్మా ఆమే మస్తు దోస్తులు. ఖాదర్‌బీ ఇప్పుడు వనపర్తిల కొడుకు తాన ఉంటది.”

ఆత్మకూరు మీదుగా వనపర్తికి

కృష్ణ దాటడానికి పుట్టి ఎక్కాను. తోలు కప్పిన పెద్ద గంప అది. నీళ్ళ మీద గిరగిరా తిరుగుతూ పోతుంది. నాకు తల తిరిగి, పట్టు కోసం చెయ్యి చాపితే ఒళ్ళో పెట్టుకున్న చెప్పులు నదిలో పడ్డాయి. పుట్టివాడు తెడ్డుతో ఒకదాన్ని అందుకున్నాడు. ఒక్క చెప్పు ఏం చేసుకోను? అదీ నీళ్ళలో వదిలేశాను. ఒడ్డున అందరూ నా వట్టి కాళ్ళ వైపు చూసి, తరువాత నా చీర వైపు చూసి, నేనెవరో తేల్చుకోలేక పక్కకు తప్పుకున్నారు.

ఆత్మకూరు సంతలో చెప్పులు కొన్నాను. కుట్టినవాడు నా పాదం కొలత తీసుకోవడానికి పాదాన్ని ముట్టుకోలేదు. ఇసుక మీద అడుగు వెయ్యమని, ఆ అచ్చుకు పుల్ల పెట్టి కొలిచాడు. మా వైపు అంటరానితనం లేదని కాదు. నెల్లూరులోనూ ఉంది. కానీ ఇంత అలవాటైన చేతులతో, ఇంత నేర్పుగా ఒక మనిషి మరో మనిషిని తాకకుండా పని ముగించడం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చెప్పులు మెత్తగా ఉన్నాయి. ఇప్పటికీ అవే వేసుకుంటున్నాను.

వనపర్తి బస్సులో ముందు సీటు ఖాళీగానే ఉన్నా ఎవరూ కూర్చోలేదు. ఏ దొరైనా దారిలో ఎక్కితే లేవాల్సి వస్తుందని. ఎవరూ ఎక్కలేదు. ఆ సీటు ఖాళీగానే వనపర్తి చేరింది. మేము వెనక ఒకరి మోకాళ్ళ మీద ఒకరం చేరాం.

ఖాదర్‌బీ ఇల్లు రాజావారి బంగళాకు వెళ్ళే దారిలో, సన్నటి గల్లీలో ఉంది. ఆమెకు చూపు మందగించింది. నేనెవరో చెప్పకముందే నా చెయ్యి పట్టుకుని మణికట్టు నొక్కి చూసింది. గాజులు అమ్మేవాళ్ళకు అది అలవాటు. నాన్న పేరు చెప్పాక ఆ చెయ్యి ఇక వదల్లేదు.

“యా అల్లా! కమ్లీ! నీ తొల్త గాజులు నేనే తొడిగిన బేటీ. నువ్వు ఏడ్సినవని లచ్చి బాలికి కూడ తొడిగిపిచ్చింది, ఆమె ఏడ్వకుంటె సూసి నువ్వు ఊకుంటవని.”

నా పేరు కమల. కమ్లీ అని పిలిచేవాళ్ళు లోకంలో లచ్చమ్మా బాలమ్మా ఇద్దరే అనుకున్నాను. మూడో మనిషి దొరికింది. చక్కెర రేషను కాబట్టి బెల్లం వేసి టీ ఇచ్చింది. ఆమె కోడలు పక్కనే కూర్చుని మా ముఖాలు మార్చి మార్చి చూసి, కారణం తెలియకుండానే తానూ కళ్ళు ఒత్తుకుంది.

“లచ్చమ్మ ఉందా?” అని అడిగాను.

“సంగతి తెల్వదు బేటీ. ఏనాడో బండి కట్టుకుని పోయిన్రు. పోతపోత నా మెడ పట్టుకుని, ‘పిల్ల ఏమన్న తింటదో తినదో’ అన్నది. తన పిల్ల గురించి కాదు, నీ గురించి.” ఆ తరువాత ఊరి పేరు చెప్పింది.

ఆ పేరు ఇక్కడ రాయను. మేనమామ భార్య, మా అత్త, ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది.

నాగర్‌కర్నూలు

ఇక్కడికి వచ్చేసరికి నేల ఎర్రబడుతుంది, గుట్టలు దగ్గరవుతాయి. దూరంగా తూర్పున నల్లమల నీలంగా కనిపిస్తుంది. మోదుగులు పూసి ఉన్నాయి. సంతలో సీతాకోకల్లా లంబాడీ ఆడవాళ్ళు, ఇప్పసారా వాసన, చింతపండు గుట్టలు. వేయించిన పల్లీలు పొట్లం కట్టి ఇచ్చే ముసల్ది పొట్లం నిండాక మరో గుప్పెడు వేసి “ఇది నీ దారికి” అంది. మద్రాసులో దారికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

సాయన్న అనే బండి మనిషిని మాట్లాడుకున్నాను. ఇరుసు కీచుమంటుంటే ఆపి కందెన రాశాడు. కందెన అమ్మిన ఊరు గనుకే దీనికి కర్నూలు పేరొచ్చిందని, తుంగభద్ర ఒడ్డున ఉన్న పెద్ద కర్నూలుదీ అదే కథని చెప్పాడు. నిజమో కాదో నాకు తెలియదు. చెబుతున్నప్పుడు అతని ముఖంలో ఊరి మీద గర్వం చూసి నమ్మాలనిపించింది.

మరో సిద్ధాంతం గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒక జర్మను పండితుడిది. ఆస్తి ఒక నిచ్చెన, గౌరవం మరో నిచ్చెన, అధికారం ఇంకోటి. ఒకదానిలో పైమెట్టున ఉన్నవాడు మరోదానిలో కింద ఉండవచ్చు అంటాడు. తరగతిలో చెప్పినప్పుడు చాలా సబబుగా ఉంటుంది. నేను ఎండకు చెమటలు కక్కుతూ దిగి నడుస్తానంటే సాయన్న కూడా దిగి నడిచాడు. నేను చెట్టు కింద కూర్చుంటే అతను నిలబడ్డాడు. కూర్చోమంటే “ఊరొస్తున్నది దొరసానీ, ఎవలన్న సూస్తరు” అన్నాడు. ఇక్కడ మూడు నిచ్చెనలూ ఒకే గోడకు ఆనించి ఉన్నాయి.

మా మేనమామ గడి

మేనమామ పోయి చాలా ఏళ్ళయిందట. అత్త ఒక్కతే ఆ పెద్ద గడిలో, కోటలాంటి దొర ఇంట్లో, ఉంది. నన్ను చూడగానే “అచ్చం మా ఆడబిడ్డ మొకమే” అని కౌగిలించుకుని ఏడ్చింది. ప్రేమ నిజమైనదే. ఆమె గురించి చెడ్డగా రాయడానికి నాకు చేతులు రావు. నూనె రాసి తలంటింది, నెయ్యి కారే భక్ష్యాలు పెట్టింది, మా అమ్మ చిన్నప్పుడు ఊగిన ఉయ్యాల చూపించింది.

“లచ్చమ్మ?” అన్నాను.

“పోయింది బిడ్డా. పోయిన వానకాలం. ఆఖరుదాక గీ వాకిలి ఊడ్సింది.” కాస్త ఆగి, “దాని బిడ్డ ఉంది. బాలి. అదిప్పుడు నా మాట ఇంటలేదు,” అంది.

లచ్చమ్మ పోయినట్టు విన్నప్పుడు నేను ఏడవలేదు. ఆమెకు నన్ను చూపించుకోవాలని వచ్చాను. కాలేజీలో చెబుతున్నానని, తింటున్నానని చెప్పాలని వచ్చాను. 

బాలమ్మను పిలిపించారు. వాకిట్లో చెప్పులు విడిచి, కొంగు భుజాల చుట్టూ లాక్కుని, తల వంచి నిలబడింది. “బాంచెను దొరసానీ” అంది, నీ బానిసను అని, నాతోనే. నేను లేచి వెళ్ళి చేతులు పట్టుకున్నాను. ఆ చేతులు కదల్లేదు. అత్త ముఖం చూసి మెల్లగా నా చేతుల్లోంచి లాగేసుకుంది.

ఆమె వెళ్ళాక అత్త అసలు సంగతి చెప్పింది. హంపీ దగ్గర తుంగభద్ర మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారు. మేస్త్రీ ఒకడు వచ్చి కూలీల జట్టు కడుతున్నాడు. బాలమ్మ మొగుడు ముందే ఆ పనికి వెళ్ళిపోయాడు. రేపు ఆమె కూడా వెళుతుంది.

“నువ్వు చెప్తె ఇంటది. ఉండమను కమలా. దాని తల్లికి నేనేం తక్కువ చేసిన? తిండి పెట్టిన, బట్ట పెట్టిన. లోకమన్నంక ఒకరు ఒకటి చెయ్యాలె, ఇంకొకరు ఇంకొకటి చెయ్యాలె. అందరు పల్లకిల కూసుంటె మోసెటోడెవడు?”

ఈ మాట నేను విననిది కాదు. విదేశీ పత్రికల్లో ఈ మధ్య ఇదే వాదం వస్తోంది. సమాజానికి ముఖ్యమైన పనులు చేసేవారికి ఎక్కువ ప్రతిఫలం దక్కాలి, కాబట్టి ఎక్కువతక్కువలు అందరి మేలుకే అని. మా విద్యార్థినులకు నచ్చే సిద్ధాంతం. అత్తతో మాత్రం, బాలమ్మతో మాట్లాడి వస్తానన్నాను.

“దానింట్ల తినకు,” అంది అత్త. “నీకేం గాదు, నువ్వు పోతవు. కులపోళ్ళు తప్పు గడితె కట్టేది అది.”

అది నిజం. ఆచారం ఉల్లంఘించే సరదా నాది, జరిమానా ఆమెది.

లచ్చమ్మను పూడ్చిన చోటు చూపించమని బాలమ్మను అడిగాను. ఇద్దరం చేల గట్టు మీద నడిచాం. గడి కనిపించినంత మేర ఆమె నా వెనక నడిచింది. గుట్ట మలుపు తిరిగాక నేను ఆగితే పక్కకు వచ్చింది. నాలుగు రాళ్ళు పేర్చిన మట్టి దిబ్బ. మీద పిచ్చిగడ్డి మొలిచి ఎండింది. నేను కూర్చుని ఆ మట్టి మీద చెయ్యి పెట్టాను. అప్పుడు ఏడుపు వచ్చింది. బాలమ్మ ఊరుకోబెట్టలేదు. గడ్డి పీకుతూ కూర్చుంది.

లేచి నిలబడ్డాక ఆమె నా వైపు తేరిపార చూసి, అరచెయ్యి తన తల మీద పెట్టుకుని అలాగే నా వైపు జరిపింది. ఆ చెయ్యి నా చెవి దగ్గర ఆగింది.

“జానెడు ఎక్కువున్నవ్,” అని నవ్వింది. “ఉండవా మరి? పాలు నీకు, గంజి నాకు.”

నాకు అర్థం కాలేదు.

“అమ్మనే చెప్పింది. ఇద్దరికి సాలకపోతుండెనంట. దొరబిడ్డకు తక్కువైతె మీ నాయిన ఊకుంటడా? నాకు జొన్నగంజి, అంబలి పోసేదంట. నేను ఏడుస్తుంటె అమ్మ నీకు పాలిచ్చుకుంట నాకు పాట పాడేదంట.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. చిన్నప్పటి ముచ్చట చెప్పినట్టే చెప్పింది.  లచ్చమ్మ ఒడి అనుకోగానే నాకు గుర్తొచ్చేది ఒక పాట. పదాలు తెలియవు, రాగం తెలుసు. నిద్ర పట్టనప్పుడల్లా దాన్ని తలుచుకునేదాన్ని. నన్ను నిద్రపుచ్చడానికి పాడిందనుకున్నాను. ఆకలితో ఏడుస్తున్న బాలమ్మ కోసం పాడిన పాట అది. దానిని కూడా నేనే తీసుకున్నాను.

ఆమె వైపు తిరిగాను. “నాతో మద్రాసు రా బాలీ.”

“వచ్చి ఏం జెయ్యాలె?”

“ఏమీ వద్దు. నాతో ఉండు.”

“నీ ఇంట్ల అన్నం ఎవలొండుతరు?”

“వంటామె ఉంది.”

“బట్టలు?”

“చాకలి వస్తాడు.”

“మరి నేనేంది ఆడ?”

“అక్కవు.”

ఆమె పీకిన గడ్డిని దులుపుకుంది. “అక్క అనే అంటవు. నీ మనసు మంచిది. రెండు దినాలైతె వాకిలి ఊడ్వక నేనే ఉండలేను. ఊడుస్తుంటె సూసి నీకు వద్దనబుద్ధి గాదు. గట్లనే అయితది.”

“మరి ఆ రాళ్ళ పని? ఎండలో మోయాలి.”

“మోస్త. ఆడ పైసలిస్తరు. వద్దనుకుంటె ఇడ్సిపోతం. గడిల ఇడ్సుడు అనేదే లేదు గద. మా అమ్మ సచ్చినంకనే ఇడ్సింది.”

రెక్కలమ్ముకోవడం మనిషి పడిపోవడంలో ఆఖరి మెట్టని నేను పాఠం చెప్పేదాన్ని. ఆమెకు అది ఎక్కవలసిన మెట్టు. రెండూ నిజమేనేమో. ఆ గట్టు మీద నేను తేల్చలేకపోయాను. ఇప్పుడూ తేల్చలేను.

సాయంత్రం అత్త అడిగింది. “చెప్పినవా?”

“పోనియ్యి అత్తా,” అన్నాను. “వెళ్ళాలని ఉంది. నేను ఆపను.”

అత్త నాతో మళ్ళీ మాట్లాడలేదు. పొద్దున బండెక్కేటప్పుడు మాత్రం ముఖం తిప్పుకునే నా కొంగులో పసుపూ కుంకుమా, మా అమ్మ చిన్నప్పటి వెండి పట్టీలూ కట్టింది.

వనపర్తి రోడ్డు నుంచి గుంతకల్లు

కూలీల జట్టూ నేనూ ఎక్కే రైలు ఒకటే. వాళ్ళు గుంతకల్లులో హోస్పేట వైపు మళ్ళాలి, నేను మద్రాసు వైపు. నా దగ్గర మూడో తరగతికి పైదైన ఇంటర్ తరగతి టిక్కెట్టు ఉంది. వనపర్తి రోడ్డు స్టేషన్లో బాలమ్మ తట్ట, పార, చాప, చిన్న మూట పెట్టుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. బండి వచ్చాక నేను మూడో తరగతి పెట్టెలోకి ఎక్కాను. మేస్త్రీ కంగారుపడి “అమ్మా, మీ డబ్బా ముంగటుంది” అన్నాడు. తెలుసన్నాను.

అందరూ ముడుచుకుని నాకు సగం బెంచీ వదిలారు. నేను జరిగి బాలమ్మ పక్కన ఇరుక్కున్నాను. బండి గద్వాల దాటింది. కిటికీలో కోట గోడ కనబడి పోయింది. ఆమె దాన్ని చూసిందో లేదో తెలియదు. తుంగభద్ర వంతెన మీదికి బండి ఎక్కగానే పెట్టెలో ఏదో సడలింది. ఒకామె కాళ్ళు బారజాపింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఇంకో ముసలామె “ఇగ మనల సూసెటందుకు మన ఊరోడు ఎవడుండడు” అని గట్టిగా అంటే అందరూ నవ్వారు.

కర్నూలులో ఒక వర్తకుడి భార్య ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. నా చీరా, బాలమ్మ చీరా చూసింది. “పనిమనిషా అండీ?” అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోగా బాలమ్మే చెప్పింది. “గాదమ్మా. ఒక్క పెట్టెల పోతున్నం.”

అంతే. అక్కచెల్లెళ్ళమని అనలేదు. నేను ఆశపడ్డాను, దాచుకోను. కానీ పనిమనిషినని కూడా అనలేదు. ఆ తరువాత గుంతకల్లు దాకా ఆమె నన్ను దొరసానీ అనలేదు. పేరు పెట్టీ పిలవలేదు. ఏమీ పిలవకుండానే మాట్లాడింది. మొగుడు తాగడని, కాపురం మంచిదేనని, పుట్టిన ఇద్దరూ దక్కలేదని చెప్పింది. నేను పెళ్ళెందుకు చేసుకోలేదో అడిగి, జవాబు విని, “మంచిగనే ఉంది” అంది.

ద్రోణాచలంలో బండి మారాక ఆకలేసింది. ఆమె మూట విప్పింది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరప కారం. రొట్టెను రెండుగా విరిచింది. ఒక ముక్క పెద్దదైంది, ఒకటి చిన్నదైంది. చిన్నది నా చేతిలో పెట్టి పెద్దది తాను ఉంచుకుంది.

“రేపటికెల్లి రాళ్ళు మోయాలె నేను,” అంది. “నువ్వు కూసుంటవు.”

నేను తిన్నాను. గట్టి రొట్టె, గొంతులో అడ్డుపడింది. అంత రుచిగా ఎప్పుడూ తినలేదంటే అది అబద్ధం. రొట్టె ఎండిపోయి ఉంది. కానీ నా వాటా ఎవరో ఇంత తీరుబడిగా, ఇంత నిస్సంకోచంగా తగ్గించడం నా జీవితంలో అదే మొదటిసారి.

గుంతకల్లులో వాళ్ళ బండి ముందుగా సిద్ధంగా ఉంది. మేస్త్రీ తొందరపెట్టాడు. బాలమ్మ తట్ట నెత్తికెత్తుకోవడానికి నేను చెయ్యి సాయం పట్టాను. చాప చంకన పెట్టుకుంది. వెండి పట్టీలు ఆమె మూటలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “అవి మీ అమ్మయి. ఉంచుకో,” అంది. “పని తొందరగ అయ్యేటిది గాదంట. ఏండ్లు పడతదంట. నడుమల ఒక్కపారి వచ్చి సూడు, ఎట్ల కడుతున్నమో.”

గుంపులో కలిసిపోయింది. బరువుతో మెడ నిలబెట్టి నడిచే ఆడవాళ్ళు వెనక్కి తిరగలేరు. ఆమె కూడా తిరగలేదు. బండి కదిలేదాకా, కదిలాక కూడా నేను ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను.

పుస్తకం ముగియలేదు. మాటల పట్టికలో వర్గం ఉంది, హోదా ఉంది, అధికారం ఉంది. మేమిద్దరం ఒకరికొకరం ఏమవుతామో చెప్పే మాట అందులో లేదు. సాయంత్రం మెరీనా మీద అందరూ సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. నేను మాత్రం వీపు అటు పెట్టి పడమర వైపు చూస్తాను. వేసవి సెలవులు దగ్గరకొస్తున్నాయి. హోస్పేటకు మూడో తరగతి టిక్కెట్టు అడిగితే గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, ఒకరికేనా అన్నాడు. వెళ్ళేటప్పుడు ఒకరికే అన్నాను. వచ్చేటప్పుడూ ఒకరికే. అది నాకు తెలుసు.